తిరుగుధార: పైకెక్కినదాన్ని మళ్లీ కిందికి పంపడం ఎందుకు?



ఇంట్లో అన్నం వుడుకుతున్నప్పుడు మూత తీసి చూస్తే, మూత లోపలివైపున నీటిబొట్లు కనబడతాయి గదా. కుండలోనుంచి లేచిన ఆవిరి మూతకు తగిలి, చల్లబడి, బొట్టుకట్టి, తిరిగి కుండలోకే రాలుతున్నది. వంటింట్లో ఈ సంగతిని మనం పట్టించుకోము. కాని చెరకు మొలాసిస్‌నుంచీ, మొక్కజొన్ననుంచీ, నూకలనుంచీ స్పిరిట్ తీసే ఫ్యాక్టరీలలో ఇదే పనిని కావాలని, కొలతవేసి, రాత్రింబవళ్లు చేయిస్తారు. మన పొలాల్లో నిమ్మగడ్డి నూనె తీసే ట్యాంకుల్లో కూడా ఇది జరుగుతుంది. అయితే అక్కడ మనం కోరకుండానే జరుగుతుంది. ఒకచోట మేలుచేసే ఈ పని ఇంకొకచోట నష్టం తెచ్చిపెడుతుంది. ఎక్కడ మేలో, ఎక్కడ నష్టమో తెలుసుకుంటే వంటచెరకు మిగులుతుంది, సరుకూ బాగుంటుంది.

స్పిరిట్ ఫ్యాక్టరీ చూసివచ్చినవారు సాధారణంగా ఒక ప్రశ్న వేస్తారు. "అయ్యా, అంత ఎత్తు గొట్టంలో ఆవిరిని పైదాకా ఎక్కించి, చల్లార్చి, మంచి స్పిరిట్ చేశారు. తీరా చేసినదాంట్లో సగానికి పైగా మళ్లీ అదే గొట్టంలో పోస్తున్నారు. చేతికొచ్చిన పంటను మళ్లీ మడిలో పారబోసినట్టుగా లేదా?" అని. ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పడమే నేటి మన పని.

మొదట ఒట్టి కుండను తీసుకుందాం. పులిసిన ద్రవం ఒకటి వున్నదనుకోండి. నూరు కిలోల ద్రవంలో 10 కిలోలు ఆల్కహాలు, తక్కినది దాదాపు నీరే. ఆల్కహాలు 78 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కనుక 78 డిగ్రీలదాకా కాస్తే ఆల్కహాలు ఒక్కటే లేచిపోయి, నీరు కిందనే వుండిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రెండూ కలిసివున్నప్పుడు వాటి మరుగు కూడా కలగలుపుగానే వుంటుంది. మనం చెప్పుకున్న ద్రవం సుమారు 91 డిగ్రీల దగ్గర మరుగుతుంది. లేచే ఆవిరిలో ఆల్కహాలూ వుంటుంది, నీరూ వుంటుంది. కాకపోతే తేలికగా లేచేది ఆల్కహాలు కాబట్టి, ఆవిరిలో దాని వంతు పెరుగుతుంది. మొదట లేచిన ఆవిరిని చల్లారిస్తే నూటికి సుమారు 50 పాళ్లు ఆల్కహాలు వుంటుంది.

ఆ 50 పాళ్లదాన్ని వేరే కుండలో మళ్లీ మరిగిస్తే, మొదటి ఆవిరిలో సుమారు 77 పాళ్లు. దాన్ని మళ్లీ మరిగిస్తే 84, ఆపైన 88, ఆపైన 90. చూశారా, మొదటి అడుగులో 40 పాళ్లు పెరిగింది, చివరి అడుగులో రెండే పాళ్లు పెరిగింది. పైకి పోయేకొద్దీ ఎక్కుడు కష్టమవుతుందన్నమాట. పైగా ఈ పద్ధతిలో ప్రతి కుండకూ వేరే పొయ్యి, వేరే చల్లార్పు కావాలి. ప్రతి కుండలోనూ అడుగున కొంత ఆల్కహాలు మిగిలిపోతుంది. ఇన్ని పొయ్యిలు పెట్టి ఎవరు బాగుపడతారు?

ఇక్కడ తూర్పారబట్టడం గుర్తు తెచ్చుకోండి. చేట ఎత్తి గాలికి పోస్తే గట్టి గింజ దగ్గరగా పడుతుంది, పొట్టు దూరంగా పోతుంది. నడుమ తాలూ గింజా కలిసిన కుప్ప ఒకటి పడుతుంది. ఆ నడిమి కుప్పను ఏ రైతూ పారబోయడు. మళ్లీ చేటలోకి ఎత్తి, మళ్లీ గాలికి పోస్తాడు. ఒక్క విసురులో తేలని దాన్ని తిరిగి గాలికి ఇవ్వడమే తెలివి. ఫ్యాక్టరీలో ఎత్తుగా కనబడే ఆ గొట్టం ఈ తెలివినే ఇనుముతోనూ, రాగితోనూ కట్టి నిలబెట్టింది. దాన్ని కాలమ్ అంటారు. ఫ్రాన్సులో సెలియే-బ్లూమెంతాల్ అనే ఆయన 1813లో ఇటువంటిదానికి పేటెంటు పొందారు. ఐర్లండులో ఈనియస్ కాఫీ అనే మాజీ ఎక్సైజు అధికారి 1830లో తన కాలమ్‌కు పేటెంటు తీసుకున్నారు. మనం తాగే కాఫీకీ ఆయన పేరుకూ ఏమీ సంబంధం లేదు లెండి.

ఈ కాలమ్ లోపల ఎలా వుంటుంది? కొండవాలున మెట్లుమెట్లుగా దిగే వరిమళ్లను మనసులో పెట్టుకోండి. కాలమ్‌లో ఒకదానిపైన ఒకటిగా పళ్లేలు వుంటాయి. ప్రతి పళ్లేనికీ ఒక అంచున చిన్న గట్టు వుంటుంది. గట్టు ఎత్తుదాకా ద్రవం నిలుస్తుంది. ఎక్కువైనది గట్టు పొర్లి, పక్కనున్న తూములోనుంచి కింది పళ్లెంలోకి దిగుతుంది. పైమడి నీరు కిందిమడికి పారినట్లే ఇదీ. తేడా ఏమిటంటే, ఈ మళ్లకు అడుగున చిల్లులుంటాయి. ఆ చిల్లులగుండా కిందినుంచి వేడి ఆవిరి బుడగలు బుడగలుగా పైకి వస్తూ వుంటుంది. ఆవిరి ఒత్తిడివల్ల ద్రవం చిల్లుల్లోనుంచి జారిపోదు. ఈవిధంగా ఆవిరి పైకీ, ద్రవం కిందికీ, ఎదురెదురుగా నడుస్తూ మెట్టుమెట్టునా కలుసుకుంటాయి.

కలుసుకున్నప్పుడు ఏమి జరుగుతుంది? అసలు కీలకం ఇక్కడే వున్నది. ఆవిరిలోని నీరు బరువు తలకెత్తుకొని నడిచే మనిషివంటిది, ఎక్కడ దించుదామా అని చూస్తూ వుంటుంది. కాస్త తక్కువ వేడిగల ద్రవం తగలగానే అందులో దిగిపోతుంది. దిగిపోతూ తన వేడిని ద్రవానికి ఇస్తుంది. ఆ వేడితోనే ద్రవంలోని ఆల్కహాలు ఆవిరై పైకి లేస్తుంది. నీరు దిగింది, ఆల్కహాలు ఎక్కింది. వేరే పొయ్యి అక్కరలేదు. పై పళ్లెంలో మళ్లీ ఇదే బదలాయింపు. అడుగున ఒకే మంట, మధ్యలో ఎన్నో కుండల పని అన్నమాట.

మరి పై పళ్లేలలో నిలిచే ద్రవం ఎక్కడినుంచి వస్తుంది? పులిసిన ద్రవాన్ని కాలమ్‌లో కొంత ఎత్తున లోనికి పంపుతారు. అది అక్కడినుంచి కిందికే పారుతుంది గాని పైకి ఎక్కదు. కనుక ఆ చోటుకు పైన వున్న మళ్లకు నీరు పెట్టవలసినది కొనమీదినుంచే. కొనమీదికి చేరిన ఆవిరిని కండెన్సరులో చల్లార్చి, దాంట్లో కొంత బయటికి తీసుకొని, తక్కినది పై పళ్లెంమీద పోస్తారు. ఈ తిరిగి పోసేదాన్నే ఇంజనీర్లు రిఫ్లక్స్ అంటారు. మనం దీన్ని తిరుగుధార అందాం. తిరుగుధార ఆపివేస్తే పై పళ్లేలు వానలేని మెట్టమళ్లలాగా ఎండిపోతాయి. ఆవిరికి ఎదురువచ్చే ద్రవమే వుండదు. ఎంత ఎత్తు కాలమ్ అయినా, ఎన్ని పళ్లేలు వున్నా, పైభాగం ఒట్టి పొగగొట్టంతో సమానం.

"సరేనయ్యా, ద్రవమే కావాలంటే నీళ్లు పోయరాదా, మంచి స్పిరిట్ ఎందుకు పోయడం?" అని మీరు అడగవచ్చు. నీళ్లు పోస్తే ఆవిరి నీటినే మోసుకొని వస్తుంది. పై పళ్లెంలో చిక్కని ద్రవం వుంటేనే దానిమీదినుంచి లేచే ఆవిరి ఇంకా చిక్కగా వుంటుంది. విత్తనాలకు ఏ గింజను దాస్తాము? తాలును కాదు గదా, కుప్పలోకెల్లా మంచి గింజను దాస్తాము. తిరుగుధార అటువంటిదే. మేలైనదాంట్లోనుంచి ఎత్తిపెట్టిన విత్తనం అది. పోయినట్టు కనబడుతుందేగాని పోదు. కిందికి దిగిన ఆల్కహాలు మళ్లీ ఆవిరై పైకి వస్తుంది.

ఇక ఎంత తిరిగి పంపాలి అన్నది ప్రశ్న. రెండు చివరలు చూద్దాం. తయారైనదంతా తిరిగి పంపివేస్తే పైన స్పిరిట్ ఆ కాలమ్ ఇవ్వగలిగినంత చిక్కగా వుంటుంది. కాని బయటికి ఒక్క చుక్క రాదు. విత్తనాలకే అంతా పోయి, గాదెలో గింజ లేనట్లు. ఏమీ తిరిగి పంపకపోతే ధార బాగా వస్తుంది. కాని అది నీళ్ల సరుకు. ఈ రెంటికీ నడుమ ఎక్కడో నిలబడాలి. ఒక లీటరు బయటికి తీసి మూడు లీటర్లు తిరిగి పంపితే, తిరుగు నిష్పత్తి 3 అంటారు.

దీని ఖర్చు కూడా లెక్క కట్టి చూడండి. ఒక లీటరు తీసి మూడు తిరిగి పంపినప్పుడు కొనమీద చల్లార్చవలసిన ఆవిరి మొత్తం నాలుగు లీటర్ల పెట్టు. అయిదు తిరిగి పంపితే ఆరు లీటర్ల పెట్టు. చేతికి వచ్చేది రెండుసార్లూ ఒక్క లీటరే. కాని పైకి లేపవలసిన ఆవిరి నాలుగునుంచి ఆరుకు పెరిగింది, అంటే ఒకటిన్నర రెట్లయింది. దానికి తగ్గట్టు అడుగున మంట పెరుగుతుంది, పైన చల్లార్చే నీరూ పెరుగుతుంది. తిరిగి పంపే ప్రతి చుక్కకూ రెండుసార్లు కూలి ఇస్తున్నామన్నమాట. కాబట్టి ఎక్కువ తిరుగుధార ఎల్లప్పుడూ మంచిదని చెప్పరాదు. కావలసిన శుద్ధికి ఎంత అవసరమో అంతే.

పళ్లేలు ఎక్కువగా వుంటే తక్కువ తిరుగుధారతో అదే శుద్ధి వస్తుంది. పళ్లేలు తక్కువైతే ఎక్కువ తిరిగి పంపవలసి వస్తుంది. పళ్లేల ఖర్చు కట్టేటప్పుడు ఒకసారి. మంట ఖర్చు రోజూ. అయితే పళ్లేలు ఎన్ని పెంచినా తిరుగుధారను ఒక హద్దుకు కిందికి దించడం కుదరదు. ఆ హద్దుకు ఒకటింబావు, ఒకటిన్నర రెట్ల దగ్గర కాలమ్‌ను నడపడం వాడుక. ఈ రెంటినీ తూచి చూడడానికి మెకేబ్, తీలే అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1925లో ఒక గీతల పద్ధతి ప్రకటించారు. విద్యార్థులు నేటికీ దాన్ని నేర్చుకుంటున్నారు.

కాలమ్ నడిపేవారు కొనమీది వేడిని కనిపెట్టి వుంటారు. 78 డిగ్రీల చుట్టుపట్ల వుండవలసిన వేడి పెరుగుతున్నదంటే నీరు పైకి ఎక్కుతున్నదని గుర్తు. వెంటనే బయటికి తీసేది తగ్గించి, తిరుగుధార పెంచుతారు. అలాగని అదుపులేకుండా మంటా ధారా పెంచితే, జడివానకు మళ్లన్నీ ఏకమై గట్లు మునిగినట్లు, పళ్లేలు మునిగిపోతాయి. అప్పుడు వేరుచేసే పని ఆగిపోతుంది.

తిరుగుధారకు కూడా ఒక ఎల్లవున్నది. తూకంలో నూటికి 95.6 పాళ్ల దగ్గర ఆల్కహాలూ నీరూ ఒక జట్టుగా మరుగుతాయి. ద్రవంలో ఎంత పాలు వున్నదో ఆవిరిలోనూ అంతే వుంటుంది. అక్కడినుంచి ఎన్ని పళ్లేలు కట్టినా, ఎంత తిరిగి పోసినా మామూలు ఒత్తిడిలో అడుగు ముందుకు పడదు. కాని పెట్రోలులో కలపడానికి నూటికి 99.5 పాళ్లు దాటిన ఆల్కహాలు కావాలి. ఆ చివరి నీటిని తీయడానికి జియోలైట్ గుళికలు వాడతారు. వాటి సన్నటి రంధ్రాల్లో నీరు ఇరుక్కుంటుంది, ఆల్కహాలు పట్టదు. అదొక రకం జల్లెడ అనుకోండి.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలిపే పథకం 2003లో మొదలై, 2022 నాటికి నూటికి 10 పాళ్లు, 2025లో 20 పాళ్లు అందుకున్నది. ఒక టన్ను మొక్కజొన్ననుంచి సుమారు 380 లీటర్లూ, చక్కెర తీసిన తరువాత మిగిలిన చివరి మొలాసిస్ ఒక టన్నునుంచి సుమారు 225 లీటర్లూ ఆల్కహాలు వస్తుంది. ప్రతి లీటరు వెనుకా ఇంతటి ఆవిరి, ఇంతటి నీరు ఖర్చు వున్నది. ఫ్యాక్టరీ తన ఆవిరిని ఎంత పొదుపుగా వాడుతుందన్నదానిమీద దాని నిలుకడ చాలావరకు ఆధారపడుతుంది. మన పంట కొనేవారి లెక్క మనకూ తెలిసివుండడం మంచిదే.

ఇక మన పొలానికి వద్దాం. నిమ్మగడ్డి, పామరోజా నూనె తీసేచోట సంగతి వేరు. అక్కడ ఆల్కహాలు నీటిలో కలిసినట్టు నూనె నీటిలో కలవదు. ఆవిరి గడ్డిలోనుంచి నూనెను వెంటబెట్టుకొని వస్తుంది. కండెన్సరులో చల్లబడగానే రెండూ వాటంతట అవే విడిపోతాయి. నూనె పైన తేలుతుంది, నీరు కింద నిలుస్తుంది. కనుక అక్కడ పళ్లేలతో పని లేదు, తిరుగుధారతో పని లేదు. లేచిన ఆవిరి లేచినట్టే బయటికి పోవాలి.

కాని ఏమి జరుగుతున్నది? ట్యాంకు చుట్టూ ఏ కప్పూ లేక గాలికి వదిలివేస్తే, ఆవిరి ఆ రేకుకు తగిలి నీరై, అన్నం కుండ మూతమీది బొట్లలాగా గడ్డిమీదికే కారుతుంది. ఇది కోరని తిరుగుధార. దీనితో మూడు నష్టాలు. ఒకటి, కండెన్సరుకు చేరవలసిన ఆవిరి చేరక, అదే నూనెకు మంట ఎక్కువసేపు పెట్టవలసి వస్తుంది. రెండు, గడ్డి తడిసి ముద్దకట్టి, ఆవిరి పక్కదారులు వెతుక్కుంటుంది, గడ్డిలో కొంత నూనె మిగిలిపోతుంది. మూడు, పామరోజావంటి నూనెల్లో సువాసననిచ్చే ఎస్టర్లు వేడినీటిలో ఎక్కువసేపు నానితే విరిగిపోతాయి, వాసన మారుతుంది.

అసలు ఎంత ఆవిరి ఇలా నీరవుతున్నదో మీరే కనిపెట్టవచ్చు. ఒక టన్ను పచ్చిగడ్డిని మరుగు వేడికి తేవడానికే సుమారు 100 కిలోల ఆవిరి నీరుగా మారుతుంది. ఇది తప్పనిది. వేరే బాయిలరునుంచి ఆవిరి పంపే యూనిట్ అయితే, ఒక దఫా ముగిశాక ట్యాంకు అడుగున చేరిన నీటిని కొలవండి. ఈ తప్పని లెక్కకు మించి చాలా వున్నదంటే, ఆ మిగులు మీ ట్యాంకు గోడలు గాలికి దానం చేసిన వేడి అన్నమాట.

దీనికి చేయవలసినవి చెబుతాను.

1. ట్యాంకుకూ, మూతకూ, కండెన్సరుదాకా పోయే ఆవిరిగొట్టానికీ గ్లాస్‌వూల్ చుట్టించి పైన రేకు తొడిగించండి. మూతను మరవవద్దు. మూతమీద కట్టిన బొట్టు నేరుగా గడ్డిమీదే పడుతుంది.

2. అడుగున చిల్లుల పళ్లెం వుంచి, దాని కింద జాగా వదిలి, నీరు పోయేందుకు తూము పెట్టించండి. గడ్డి నీటిలో కూర్చోకూడదు.

3. కోసిన నిమ్మగడ్డిని కొన్ని గంటలు నీడన వాడనివ్వండి. తేమ తగ్గితే బరువు తగ్గుతుంది, వేడెక్కించడానికి పట్టే ఆవిరీ తగ్గుతుంది. కుప్పపోసి మగ్గనివ్వడంమాత్రం పనికిరాదు.

4. ఆవిరిగొట్టం కండెన్సరువైపు వాలుగా వుండాలి. ట్యాంకువైపు వాలితే గొట్టంలో కట్టిన నీరు నూనెతోసహా వెనక్కు కారుతుంది.

ఒక మినహాయింపు వున్నది. ట్యాంకు అడుగుననే నీరుపోసి, దానికిందనే మంటపెట్టే పద్ధతిలో, నూనె తీసివేసిన తరువాత మిగిలిన నీటిని తిరిగి ట్యాంకు అడుగుకు పంపవచ్చు. ఆ నీటిలో కరిగివున్న కొద్దిపాటి నూనె దక్కుతుంది, అడుగు ఎండి గడ్డి మాడే ప్రమాదమూ తప్పుతుంది. ఇది కొలత తెలిసి పంపే తిరుగుడు, మేలే చేస్తుంది. వేరే బాయిలరునుంచి ఆవిరి వచ్చే యూనిట్‌లోమాత్రం ఇలా చేయరాదు. ట్యాంకులో నీరు పెరిగిపోతుంది.

చిత్రమేమిటంటే, మీ నిమ్మగడ్డి నూనెకు కూడా ఒకనాటికి తిరుగుధార ఎదురవుతుంది. నూనెలో ముఖ్యమైన సరుకు సిట్రాల్. దాన్ని విడదీసే ఫ్యాక్టరీలలో కాలమ్‌లే వాడతారు. సిట్రాల్ మామూలు ఒత్తిడిలో 229 డిగ్రీల దగ్గరగాని మరగదు. అంత వేడికి అది చెడిపోతుంది గనుక, గాలి లాగివేసి తక్కువ ఒత్తిడిలో మరిగిస్తారు. అక్కడ కొంత తీసి, కొంత తిరిగి పంపే పని మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర అనవసరమైనది, అక్కడ తప్పనిసరి.

ఇంకొక హెచ్చరిక. ఆల్కహాలు ఆవిరి నిప్పురవ్వకు గుప్పున అంటుకుంటుంది. లైసెన్సు లేకుండా స్పిరిట్ తీయడం నేరం. కాబట్టి స్పిరిట్ సంగతి తెలుసుకోవడానికే గాని ఇంట్లో చేసిచూడడానికి కాదు. నూనె యూనిట్ పెట్టదలచినవారు హైదరాబాదులోని సీమాప్ పరిశోధన కేంద్రంవంటి చోట సలహా తీసుకొని, నడుస్తున్న యూనిట్‌ను కళ్లారా చూసి మరీ పెట్టండి.

చివరకు చెప్పవచ్చేదేమిటంటే, కలిసిపోయే రెండు ద్రవాలను విడదీయాలంటే తిరుగుధార కావాలి. వాటంతట అవే విడిపోయేవాటికి అది దండుగ. మొదటిచోట దాన్ని కొలిచి పంపాలి, రెండవచోట దాన్ని గోడ దగ్గరే ఆపాలి. ఈసారి మీ యూనిట్‌లో దఫా ముగిశాక, నూనె ఎంత వచ్చిందని చూసుకోవడంతోపాటు, అడుగున నీరు ఎంత చేరిందో కూడా ఒక బిందెతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. ట్యాంకుకు కప్పు వేయించిన తరువాత మళ్లీ కొలవండి. ఆ రెండు అంకెల తేడాయే మీకు మిగిలిన కట్టెలు.